గుల్ల లేని నత్తలు, గుప్పెడు ఉప్పు

రాత్రి పదకొండు గంటల వేళ పెరటి తలుపు వద్ద నిలబడి మా అమ్మ "జలగ, జలగ" అని కేక పెట్టింది. అది 2023 జూలై 9వ తేదీ. ఆనాడు ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రం వద్ద 24 గంటలలో 153 మిల్లీమీటర్ల వర్షం నమోదయింది. జూలై మాసంలో ఒక్క రోజున అంతటి వాన 1982 తరువాత కురియలేదని మరునాటి పత్రికలు రాశాయి. మా పెరడు చెరువయింది. గడపమీద బొటనవ్రేలంత లావున, నల్లగా, జిగటగా, వీపు మీద నడుమ సన్నని తెల్లచారతో ఒక ప్రాణి మెల్లగా లోపలికి వస్తున్నది. టార్చిలైటు వేసి చూస్తే దాని వెనుక మరి మూడు. బచ్చలి పాదు నిండా లెక్కపెట్టలేనన్ని.

ద్వారక అనగానే దక్షిణాది పాఠకులకు సముద్రతీరపు పుణ్యక్షేత్రం స్ఫురించడం సహజం. నేను నివసించే ద్వారక ఢిల్లీకి నైరుతి దిశన ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్మించిన ఉపనగరం. పప్పన్‌కలాఁ అని దాని పాత పేరు. సెక్టార్లు, సహకార గృహ సంఘాలు, వరుసలుగా మేడలు. మా వాటా నేలమట్టాన ఉన్నది కాబట్టి వెనుకవైపు ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గల నేల మా వంతుకు వచ్చింది. ఆ నేల లేకపోతే అమ్మ ఢిల్లీలో నెల రోజులు కూడా నిలిచేది కాదు. తెనాలి దగ్గర పల్లె నుంచి 2019లో వచ్చినప్పుడు ఆమె సామానులో చీరలకంటె విత్తనాల పొట్లాలే ఎక్కువ: గోంగూర, తీగ బచ్చలి, చిక్కుడు, నేతిబీర. ఒళ్ళో మాత్రం తడిగుడ్డ చుట్టిన కరివేపాకు మొక్క. ముప్పై గంటల రైలు ప్రయాణంలో దానికి గాలి తగిలేలా కిటికీ దగ్గర కూర్చున్నదట.

ఇంతకీ అది జలగ కాదు. ఈ సంగతి అమ్మకు చెప్పే అర్హత నాకు అంతగా లేదు. అనువాదం నా వృత్తి. చాలా ఏళ్ళ క్రితం ఒక ఇంగ్లీషు తోటపని పుస్తకాన్ని తెలుగు చేస్తూ, స్లగ్ అన్న మాట వచ్చిన ప్రతిచోటా నేనూ "జలగ" అనే రాశాను. పుస్తకం వెలువడిన నెలకు కృష్ణా జిల్లా నుంచి ఒక రైతు కార్డు రాశారు: "అమ్మా, మా కాలువలలో జలగలు రక్తం తాగుతవి గాని క్యాబేజీ తినవు. తమరు చూచినది వేరే అయి ఉండును." ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో ఉన్నది. జలగ వానపాముకు చుట్టం. ఈ ప్రాణి నత్తకు చుట్టం. నిజానికి నత్తే; వీపుమీది గుల్ల మాత్రం లేదు. తెలుగులో దీనికి అందరూ ఒప్పుకునే ఒక్క మాట లేదు కనుక "గుల్ల లేని నత్త" అని చెప్పుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇంగ్లీషులోనూ ఆ మాట మొదట ఈ ప్రాణిది కాదు. పదిహేనవ శతాబ్దంలో స్లగ్ అంటే సోమరి మనిషి. పద్దెనిమిదవ శతాబ్దపు తొలినాళ్ళకు గాని అది తోటలోని ప్రాణికి అంటుకోలేదు. మనం నత్తను చూచి నత్తనడక అన్నాము. వారు సోమరిని చూచి నత్తకు పేరు పెట్టారు.

మరునాడు పగటి వెలుతురులో ఒక దానిని పట్టి చూపిస్తే అమ్మ కొంతసేపు పరిశీలించి, "నత్తకు ఇల్లుంది. దీనికి ఇల్లు లేదు, అందుకే మన ఇంటికొచ్చింది" అన్నది.

మన తోటలలో వానకాలాన ఎక్కువగా కనిపించే ఆ నల్లని, చదునైన రకానికి లెవికాలిస్ ఆల్టే అని శాస్త్రనామం. ఇది ఆఫ్రికా నుంచి వచ్చి ఉష్ణ దేశాలంతటా వ్యాపించిన జాతి. గుల్ల ఉన్న దాని పెద్ద చుట్టం, ఆఫ్రికా రాక్షసి నత్త, ఎలా వచ్చిందో చరిత్రకు తెలుసు: 1847లో విలియం బెన్సన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి చౌరంగీలోని ఒక తోటలో వదిలాడు. ఈనాడు అది దేశంలో అనేక రాష్ట్రాలలో పంటలను తింటున్నది. ముచ్చటపడి తెచ్చుకున్న అతిథులు ఇలా స్థిరపడిపోవడం తోటల చరిత్రలో కొత్త కాదు.

గుల్ల లేకపోవడం వల్ల ఈ ప్రాణికి ఒక సౌలభ్యం, ఒక ప్రమాదం ఉన్నాయి. ఎంతటి సన్నని సందులోనైనా దూరగలదు. ఐతే ఒంటిలోని నీరు ఎప్పుడూ ఆవిరి అయిపోతూనే ఉంటుంది కాబట్టి తేమ లేనిదే బ్రతకలేదు. ఒంటినిండా పూసుకునే జిగురు ఆ తేమను కాపాడే కవచం. నడిచేందుకు వేసుకునే బాట కూడా అదే. ఢిల్లీలో మే, జూన్ నెలల వడగాడ్పులకు ఇవి నేల పగుళ్ళలో, కుండీల కింద ముడుచుకొని పడి ఉంటాయి. సాధారణంగా జూన్ 27 ప్రాంతాన నైరుతి ఋతుపవనం ఇక్కడికి చేరుతుంది. సెప్టెంబరు చివరి వారంలో మరలిపోతుంది. ఆ మూడు నెలలే వీటి రాజ్యం. ప్రతి ప్రాణిలోనూ ఆడ, మగ రెండూ ఉంటాయి కనుక గుడ్లు పెట్టగల తల్లి కానిది వీటిలో లేదు. గుడ్లు తడిమట్టిలో గుత్తులుగా ఉంటాయి. నోటిలో ఆకురాయి వంటి నాలుక, దాని మీద సూక్ష్మమైన పళ్ళు వేల సంఖ్యలో. రాత్రికి రాత్రి చిక్కుడు మొలకలు మాయమై తెల్లవారేసరికి కాడలు మాత్రమే మిగలడానికి కారణం అదే.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

మా గృహ సంఘంలో పనిచేసే మాలీ, "ఉప్పు చల్లండి, తెల్లవారేసరికి ఒక్కటీ ఉండదు" అన్నాడు. నాకు ఆ మాట కొత్త కాదు. నేను అనువదించిన పుస్తకంలోనూ, చిన్ననాటి జ్ఞాపకాలలోనూ ఉన్నదే. ఉప్పు తగలగానే ఒంటిలోని నీరు బయటికి లాగబడి ఆ ప్రాణి కళ్ళముందే కరిగిపోయినట్లవుతుంది. చూడడానికి బాగుండదు, పని మాత్రం జరుగుతుంది. అంతటితో ఆగితే బాగుండేది. ఒక్కొక్కదానిమీద చల్లే ఓపిక లేక, బచ్చలి మడి చుట్టూ, చిక్కుడు పాదు చుట్టూ గీత గీసినట్లు ఉప్పు పోశాను. వాన కురిసి కరిగిపోతే మళ్ళీ పోశాను. ఆ జూలై, ఆగస్టు నెలలలో ఏడెనిమిది కిలోలు పోసి ఉంటాను. అమ్మ ఒకసారి, "అంత ఉప్పు పచ్చడిలో వేస్తే నోట పెట్టలేం, మొక్క ఎట్లా తాగుతుందమ్మా?" అన్నది. వానకు కొట్టుకుపోతుందిలే అన్నాను. ఇంగ్లీషు సాహిత్యం చదివిన కూతురు చెప్పింది కదా అని ఆమె ఊరుకున్నది.

అక్టోబరులో కరివేపాకు ఆకుల అంచులు మాడడం మొదలయింది. అప్పటికి అది అమ్మ భుజం ఎత్తున ఉన్నది. ఉత్తరాది చలికి కరివేపాకు ఆకు రాల్చడం మామూలే గనుక డిసెంబరులో బోడిగా నిలిచినా నేను కంగారు పడలేదు. 2024 మార్చిలో చుట్టుపక్కల పెరళ్ళలోని కరివేపాకులన్నీ చిగిర్చాయి. మాది చిగిర్చలేదు. అమ్మ ప్రతి ఉదయం గోటితో బెరడు గీకి చూచేది. కొంతకాలం లోపల పచ్చగా కనిపించింది. ఏప్రిల్ చివరకు ఎక్కడ గీకినా గోధుమరంగే. ఆమె నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు పులుసులో కరివేపాకు వేయకుండా, అడిగితే "లేదుగా" అన్నది, అంతే.

మట్టిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాను. లవణాల మోతాదును విద్యుత్తు ప్రసరించే తీరునుబట్టి కొలుస్తారు. మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే దానిని లవణ భూమి అంటారు. మడుల అంచున తీసిన మట్టి ఆ గీత దాటింది. నైరుతి ఢిల్లీలో భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పగానే ఉంటుంది. వేసవిలో మేము పోసేది బోరు నీరు. అంటే నేల అప్పటికే ఉప్పు తిని ఉన్నది, నేను మీద మరికొంత వడ్డించాను. నేరమంతా నాది కాదని చెప్పుకోవచ్చు గాని, బోరు నీరు నాలుగేళ్ళపాటు ఆ చెట్టును చంపలేదన్న సంగతీ పక్కనే ఉన్నది.

అక్కడి పరీక్షకుడు చెప్పిన మరొక మాట నన్ను ఎక్కువగా కలచివేసింది. ఉప్పులోని సోడియం బంకమట్టి రేణువులను ఒకదానినుంచి ఒకటి విడదీస్తుంది. విడిపోయిన సన్నని రేణువులు మట్టిలోని సందులను పూడ్చివేస్తాయి. నేల పైన అట్ట కడుతుంది, వాననీరు ఇంకదు, నిలిచిపోతుంది. నీరు నిలిచిన చోట వేళ్ళకు గాలి ఆడదు, నారుకుళ్ళు తెగులు వస్తుంది, ఇక గుల్ల లేని నత్తలకు కావలసిందేమిటి? నేను వాటిని తరమడానికి పోసిన ఉప్పు వాటికి మరుసటి ఏటికి పక్క పరచింది.

ఒక పాఠకురాలు పుణె నుంచి రాస్తూ, ఉప్పు వద్దంటే మరి పుస్తకాలలోని మిగతా ఉపాయాల మాటేమిటని అడిగారు. నేనూ ఆ వేసవి అంతా వాటినే చదివాను. గుడ్ల పెంకులు, గరుకు ఇసుక, రాగి పట్టీ, చెట్టు బెరడు ముక్కలు, ఉన్ని గుళికలు: ఈ అయిదింటినీ ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీవారు లెట్యూస్ మొక్కల చుట్టూ పెట్టి పరీక్షించారు. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం ఏ అడ్డూ లేని మొక్కలకంటె వీటి నడుమ ఉన్న మొక్కలు ఏమంత క్షేమంగా లేవు. తరతరాలుగా చేతులు మారుతున్న సలహాకు ఎవరో ఒకరు కొలబద్ద పెట్టి చూడడం నాకు సంతోషం కలిగించింది. మన వాడుకలోని బూడిద, సున్నం పొడిగా ఉన్నంత సేపు కొంత ఆపుతాయి. ఒక్క జల్లు పడితే బురదే. వానకాలపు శత్రువుకు ఎండలో పనిచేసే మందు అన్నమాట.

ఇక విషపు గుళికలు. మెటల్డిహైడ్ అనే మందును మన దేశంలో అనుమతించారు, పొలాలలో వాడుతున్నారు. అది నత్త జిగురును హరించి ఎండబెట్టి చంపుతుంది. బాగా తడిగా ఉన్న రాత్రులలో మాత్రం విషం తిన్న ప్రాణి తేమ పీల్చుకొని కోలుకోగలదు. తౌడు వాసనతో ఉండే ఆ గుళికలను కుక్కలు ఇష్టంగా తింటాయి, తింటే వణుకు, మూర్ఛ, మరణం. బ్రిటన్‌లో 2022 మార్చి 31 తరువాత ఆరుబయట దీని వాడకాన్ని నిషేధించారు. మా గేటు దగ్గర ఒక ముసలి కుక్క పడుకుంటుంది. ఉదయం పాలకు వెళ్ళేటప్పుడు అమ్మ దానికి రొట్టె వేస్తుంది. ఆ గుళికల ప్రస్తావన మా ఇంట్లో అంతటితో ముగిసింది. ఫెర్రిక్ ఫాస్ఫేటు కలిపిన ఎర వేరు. అది తిన్న నత్త మేత మానివేసి చస్తుంది, మిగిలినది మట్టిలో ఎరువుగా మారుతుంది, కుక్కలకు ప్రమాదం చాలా తక్కువ.

2024 జూన్ 28న తెల్లవారుజామున వాన మొదలయింది. 24 గంటలలో 228.1 మిల్లీమీటర్లు, జూన్ మాసంలో 1936 తరువాత ఢిల్లీ ఎరుగనిది. నగరానికి అది ఉపద్రవం. మా పెరటికి మాత్రం నేను రెండు వారాలుగా ఎదురుచూస్తున్నది అదే. పరీక్షకుడు చెప్పిన మోతాదులో జిప్సం అప్పటికే మట్టిలో కలిపి ఉంచాము. జిప్సంలోని కాల్షియం మట్టిని అంటిపెట్టుకున్న సోడియంను తోసి ఆ చోట కూర్చుంటుంది. తోయబడిన ఉప్పు మంచినీటిలో కరిగి దిగిపోవాలి. వాననీటికంటె మంచినీరు ఏముంటుంది? దిగిపోయే దారి కోసం గోడ పొడవునా జానెడు లోతు కాలువ తవ్వి ఇటుక ముక్కలు నింపాము. మడులను అడుగు ఎత్తు లేపి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపాము. ఈ చాకిరీ అంతా చేసిన తరువాత నాకు అర్థమయిందేమంటే, నత్తల సమస్యలో ముప్పాతిక భాగం మురుగు నీటి సమస్యే. ఎత్తు మడిపై తెల్లవారేసరికి ఆరిపోయే మట్టిలో అవి గుడ్లు పెట్టడానికి ఇష్టపడవు.

ఇంగ్లీషు పుస్తకాలు మొక్కల మొదట గడ్డి, ఆకులు మందంగా పరచమంటాయి. మన వేసవికి అది అమృతం వంటి సలహా. శ్రావణంలో మాత్రం ఆ పరుపు కింద ఎత్తి చూడండి, ఏముంటాయో! (ఇక్కడివారి సావన్ మన శ్రావణంకంటె పక్షం రోజులు ముందే మొదలవుతుంది. నత్తలు ఉత్తరాది పంచాంగాన్నే పాటిస్తాయి.) జూన్ నెలాఖరుకు ఆ పరుపు తీసివేసి అక్టోబరులో మళ్ళీ వేస్తున్నాము. విత్తనాలు నేలలో చల్లడం మాని, కిటికీ గట్టు మీద నారు పెంచి నాలుగైదు ఆకులు వచ్చాక నాటుతున్నాము, ఎందుకంటే లేత మొలకకే ప్రాణగండం. వానలు తెరిపి ఇచ్చిన రోజులలో నీళ్ళు ఉదయం పోస్తాము. సాయంత్రం పోస్తే రాత్రి సంచారానికి మనమే కళ్ళాపి చల్లినట్లు.

ఇంతచేసినా వచ్చేవి వస్తాయి. వాటిని పట్టడానికి అమ్మ ఒక తడి గోనెపట్టను మడి పక్కన పరచి, ఉదయం తిరగవేస్తుంది. అడుగున చల్లగా నిద్రపోతూ దొరుకుతాయి. రెండవ ఉపాయం ఆమె వంటింటి నుంచి వచ్చింది. ఇంగ్లండువారు గిన్నెలో బీరు పోసి పెడతారని నేను చెబితే, "అందులో ఏముంది, పులుపేగా" అని, పులిసిపోయిన దోసెల పిండిని కొబ్బరి చిప్పలో పోసి పాతింది. నేను నవ్వాను. తరువాత చదివితే, అమెరికాలో ఓరెగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం నీళ్ళు కలిపి పులియబెట్టిన రొట్టె పిండి నత్తలను చక్కగా ఆకర్షిస్తుందని 2021లో ప్రకటించి ఉన్నది. అది గోధుమ పిండి, ఇది మినుము, బియ్యం. మా పెరటి నత్తలు ఆ తేడాను పట్టించుకోలేదు. చిప్ప అంచు నేలకంటె వ్రేలెడు ఎత్తున ఉండాలి, లేకుంటే నత్తలను తినే పేడపురుగుల వంటి నల్లని నేల పురుగులు కూడా పడి చస్తాయి. వాననీరు పడకుండా పైన ఒక పెంకు అడ్డం పెట్టాలి.

అన్నింటికంటె నమ్మదగినది మాత్రం టార్చిలైటు, చేతులకు రబ్బరు తొడుగులు. చీకటి పడిన రెండు గంటలకు బయలుదేరి ఏరాలి. తొడుగులు ఎందుకంటే, ఎలుకల ఊపిరితిత్తులలో పెరిగే ఒక నులిపురుగు నత్తల ఒంటిలో కొంతకాలం గడుపుతుంది. అది పొరపాటున మనిషి కడుపులో చేరితే మెదడు పొరల వాపు కలిగించగలదు. కేరళలో అటువంటి కేసులు వైద్యుల దృష్టికి వచ్చాయి. వానకాలంలో ఆకుకూరలను ఆకు ఆకుగా విడదీసి పారే నీటిలో కడగడం, పచ్చిగా తినకపోవడం, పసిపిల్లలను నత్తలతో ఆడనివ్వకపోవడం అవసరం. మా ఇంట్లో కొత్తిమీర కూడా ఈ మూడు నెలలు పొయ్యి ఎక్కవలసిందే.

ఏరినవాటిని సబ్బునీటి బకెట్టులో వేయమని పుస్తకాలు చెబుతాయి. శ్రావణమాసంలో అమ్మ ఆ పనికి ఒప్పుకోలేదు. బకెట్టు పట్టుకొని ప్రహరీగోడ అవతలి ఖాళీ స్థలంలో వదిలివచ్చేది. 2010లో బ్రిటన్‌లో రూత్ బ్రూక్స్ అనే వృద్ధురాలు తన తోట నత్తల గుల్లలకు గోళ్ళ రంగు పూసి దూరంగా వదిలి, అవి తిరిగి ఇల్లు చేరుతున్నాయని నిరూపించి రేడియోవారి శాస్త్ర పోటీలో బహుమతి గెలిచింది. ఆ సంగతి చెప్పి, నీవి కూడా రేపు తిరిగి వస్తాయన్నాను. "గుల్ల ఉన్నవాటికి ఇల్లు గుర్తుంటుంది. వీటికి ఎక్కడైతేనేం" అన్నది అమ్మ. ఆ ఖాళీ స్థలంలో ఉదయం పూట ఎర్ర రెక్కల జెముడు కాకి ఒకటి తీరిగ్గా నడుస్తూ కనిపిస్తున్నది. నత్తలంటే దానికి ప్రీతి. ఈ సంగతి అమ్మకు నేను చెప్పలేదు. ఆమెకు తెలియకపోలేదని నా అనుమానం.

కరివేపాకు మోడును 2024 చలికాలంలో కొట్టివేద్దామని మాలీ అంటే అమ్మ వద్దన్నది. 2025 ఆగస్టులో, మోడుకు రెండు గజాల దూరాన, నేను ఉప్పు పోయని గోడవారన, వేరునుంచి ఒక పిలక లేచింది. వ్రేలెడు పొడవు, నాలుగు ఆకులు. ఆకు తుంచి నలిపి వాసన చూచి మరీ నిర్ధారించుకున్నాము. ఆ రాత్రే దాని పక్కన తళతళలాడే జిగురు బాట ఒకటి కనిపించింది. అమ్మ లోపలికి వెళ్ళి కాఫీ వడపోసే పాత జల్లెడ తెచ్చి దానిమీద బోర్లించి, పైన రాయి పెట్టింది. టార్చిలైటు నా చేతికి ఇచ్చి, "నువ్వు అటు చూడు, నేను ఇటు చూస్తాను" అన్నది. మళ్ళీ తుంపర మొదలయింది.